సొంతిల్లు అమ్మబోయిన బ్రోకరు

సొంతిల్లు అమ్ముకోవాల్సి వస్తే ప్రొద్దుటూరులో ఏ బ్రోకరైనా పక్క బ్రోకరు చేతికి అప్పగిస్తాడు. అలా అప్పగించకుండా తనే నడుం కట్టినవాడు నాకు తెలిసి ఒక్కడే. వాడు నేనే. గుమ్మం దాకా వచ్చిన బేరాన్ని ఎలా తరిమికొట్టానో చెబుతాను. నవ్వండి, నేనేమీ అనుకోను. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

మా ఆవిడ గ్రేస్ టీచరు. పులివెందులకు బదిలీ అయింది. పొద్దున్నే బస్సెక్కితే చీకటి పడే వేళకు ఇల్లు చేరేది. సగం దారి నిలబడే ప్రయాణం. రాగానే వేణ్ణీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చునేది. వాచిన ఆ పాదాలు చూస్తే నాకు అన్నం సయించేది కాదు. బడి పక్కనే ఒక ఇల్లు చూసుకున్నాం. ప్రొద్దుటూరులోది అమ్ముడుపోతేనే అది మాకు దక్కుతుంది.

తోటి బ్రోకరు ఖాజా ముందే హెచ్చరించాడు.

"నీ ఇల్లు నాకిడ్సిపెట్టు మామా. నేనమ్మిపెడతా."

"ఊరందరి ఇండ్లు అమ్మినోన్ని, నా ఇల్లు నేనమ్ముకోలేనా?"

"ఇల్లు సూసేదానికి మనుషులొస్తే ఇంటాయనకు నువ్వేం చెప్తావు?"

"బ్రహ్మంగారిమఠం పోయి రమ్మంటా. ఈడుంటే నోరు జారతాడు గదా."

"మళ్ల నీ నోటికి ఎవురు కాపలా?"

నేను వినలేదు. చెడిపోయేవాడికి చెప్పినా ఎక్కదు కదా.

పెద్దముడియం దగ్గరి పల్లె నుంచి సుబ్బరాయుడు అనే రైతు, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. బావిలో నీళ్లు నచ్చాయి. వంటిల్లు నచ్చింది. వీధివైపు గోడను తట్టి చూసి, "గోడలు శానా మందంగా ఉండాయే" అన్నాడు.

ఇక్కడ నేను "అవునప్పా" అని ఊరుకుని ఉంటే ఈ కథే లేదు.

"మందమా? బాంబు పడినా చెక్కుచెదరదప్పా ఈ గోడ."

మాటవరసకు అన్నాననుకుని నవ్వాడు. నాకు రోషం వచ్చింది. చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కెళ్లి, సున్నం కింద ఉన్న గుంటలు చూపించాను.

"ఎలక్షన్లప్పుడు రెండు పార్టీలోళ్లు ఈ వీధిలోనే కొట్టుకున్న్యారు. నాటు బాంబు ఈడ పడింది. ఈ గుంటలన్నీ దాని మేకులవే. గోడకు అవతల మా ఆడమనిషి బియ్యం ఏరుకుంటాండె. ఆ యమ్మకు గీత గూడా పడలే."

ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆశ్చర్యపోతోందనుకున్నాను.

"ఆ పార్టీలోళ్లు ఇప్పుడు యాడుండారు?" అని అడిగాడు సుబ్బరాయుడు.

"యాడికి పోతారు? ఒకాయన ఎదురిల్లే. ఇంకొకాయన సందు చివర."

ఆయన నా పట్టులోంచి చెయ్యి విడిపించుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "అప్పా, మా పల్లెలో ఈ గొడవలకు తాళలేకనే పిల్లోళ్లను తీసుకోని టౌనుకొస్తాండాం."

అప్పటికే ఆయన భార్య ఆటోలో కూర్చుంది.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారు. నా విషయంలో ఆ కుడితి కూడా నేనే కలుపుకున్నాను.

కానీ ఒక్క మాట. ఆ గోడ నా భార్యను కాపాడింది. దాన్ని పొగడకుండా నేనెలా ఉండగలను? ఇల్లు అమ్మేవాడి చిక్కంతా అదే. మనం దండం పెట్టుకునే గోడ కొనేవాడి కంటికి గుంటల గోడ.

ఆ సాయంత్రం గ్రేస్ సంగతంతా వింది. ఎప్పటిలాగే వేణ్ణీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడే వెళ్లి ఖాజా ముందు నిలబడ్డాను.

"ఆయన్ని మళ్ల పిలుచుకొస్తా. నువ్వు మఠం పోయి రా" అన్నాడు.

మేం క్రైస్తవులమని గుర్తుచేశాను.

"దండం పెట్టాకులే మామా. నువ్వు దూరంగా ఉండేదే ముఖ్యం."

నేను తిరిగొచ్చేసరికి బేరం కుదిరిపోయింది.

"ఏం చెప్పి ఒప్పిచ్చినావు ఖాజా?"

"ఎదురింటికి తీస్కపోయినా. ఆయనా, సందు చివరాయనా రాజీ అయ్యి, పిల్లనిచ్చి వియ్యంకులైనారు గదా. ఇద్దురూ ఒకే మంచం మీద కూచోని మనవన్ని ఆడిస్తాండారు. అసలు ముక్క అది. దాన్ని ఇడ్సిపెట్టి బాంబు చూపిస్తావా?"

"దాంతో ఆయన భయం పోయిందా?"

"వాళ్లంటే భయం పోయింది. నువ్వంటే భయం మిగిలింది. 'ఆ ఇంటాయన ఈ వీధిలోనే ఉంటాడా' అని అడిగినాడు. పులివెందులకు పోతాండాడని చెప్పినా. అప్పుడు తీసినాడు అడ్వాన్సు."

ఇప్పుడు గ్రేస్ బడికి నడిచి వెళ్తోంది. ఇందుమూలంగా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, నాదంటూ ఉన్న ఏ వస్తువునూ, ఇల్లు కానీ, బర్రె కానీ, కాలు విరిగిన కుర్చీ కానీ, ఇకపై నేను స్వయంగా అమ్మను. ఈ మాట బైబిలు మీద చెయ్యి వేసి చెప్పబోతుంటే గ్రేస్ ఆపింది.

"ఆ చెయ్యి బైబిలు మీద గాదు, నీ నోటి మీద పెట్టుకో."