మధ్యలో వచ్చిన ఆమెన్

మా చర్చిలో ఎవరినీ ఒంటరిగా పాడనివ్వరు. అంత జాలిగుండె మనుషులం. ఒకరు పాట ఎత్తుకోవడమే ఆలస్యం, వెనక బెంచీల దాకా గొంతు కలుపుతారు, చప్పట్లు కొడతారు. కరెంటు డప్పుల ప్యాడ్స్ వాయించే అతను సినిమా పాటలు మానుకున్న బాధంతా అప్పుడే తీర్చుకుంటాడు. పాడే మనిషి గొంతు ఎలా ఉందో పైనున్న దేవుడికి కూడా తెలిసే అవకాశం లేదు.

అలాంటి చోట మా పిన్ని ఒంటిగొంతు పాట పాడతానంది. గుంటూరులో టీచర్ ట్రైనింగ్ చదివేటప్పుడు హాస్టల్లో ఒక జర్మన్ దొరసానమ్మ నేర్పిన భక్తిపాట అది. మూడొందల ఏళ్ల నాటిది. మాటలు మాత్రం ఎవరో తెలుగులోకి మార్చారు. ఒక గొంతు, పక్కన ఒక హార్మోనియం, అంతే. మొదటి భాగం రాసింది రాసినట్టు పాడాలి. రెండోది దిగులుగా సాగి, ఆగుతుంది. తర్వాత మళ్లీ మొదటిదే వస్తుంది, కానీ ఈసారి మలుపులన్నీ పాడేవాళ్ల ఇష్టం. "ఆ మూడోదే నా పాట. ముందు రెండూ వాళ్లవి," అనేది పిన్ని.

ఆమెకి థైరాయిడ్ ఆపరేషన్ ఖాయమైంది. గొంతు మారిపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. అందుకే ఆపరేషన్‌కి ముందు ఆదివారం ఒక్కసారి పూర్తిగా పాడాలని పట్టుబట్టింది. హార్మోనియం నేను. ప్యాడ్స్ అతను, "బీట్ లేకపోతే జనం నిద్రపోతారక్కా," అన్నాడు. "ప్రసంగానికి బీటేమన్నా ఉందా?" అన్నాను.

మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజులు. సగం చర్చి దగ్గుతోంది, మిగతా సగం దగ్గడానికి సిద్ధంగా ఉంది. అయినా పిన్ని గొంతెత్తేసరికి అందరూ సర్దుకున్నారు. రెండో భాగం చివర ఆమె ఆగింది. నేను వేళ్లు ఎత్తాను. అంత నిశ్శబ్దం మా చర్చికే కొత్త.

"ఆమెన్!" అని అరిచాడు సంఘపెద్ద. ఆయన మా పక్కింటాయనే, ఖాళీ కనపడితే నింపకుండా ఉండలేడు. దాంతో పాట అయిపోయిందనుకుని పాస్టరు అయ్యగారు లేచి ప్రార్థన ఎత్తుకున్నారు. పంటల కోసం, ధరల కోసం, డాక్టరు చేతుల కోసం, చివరికి పిన్ని గొంతు కోసం కూడా ప్రార్థించారు. ఆ గొంతేమో మూడో భాగాన్ని దిగమింగుకుని మైకు ముందే నిలబడి ఉంది.

"బాగా పాడావమ్మాయ్. కాస్త చిన్నపాట," అని బయట మెచ్చుకున్నాడు సంఘపెద్ద.

"ఇంకా ఉంది బాబాయ్," అంది పిన్ని. ఇంటికొచ్చి ఏడ్చింది. ఆ మనిషిని మిరపకల్లంలో పడుకోబెట్టాలనిపించింది నాకు.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరు చేతుల మీద ప్రార్థన పనిచేసింది, గొంతు సంగతే దేవుడు వినిపించుకున్నట్టు లేదు. పైస్థాయి పోయి బొంగురు మిగిలింది. కుట్లు మానాక ఒక సాయంత్రం పిన్ని హార్మోనియం మీద గుడ్డ తీసి, "మొదలుపెట్టవే," అంది.

మొదటి భాగం గీరుకుంటూ వెళ్లింది. రెండోది సగం గాలే. ఆగాం. గోడ అవతల చెప్పుల చప్పుడు. సంఘపెద్ద పెరట్లోనే ఉన్నాడు. ఇప్పుడంటాడు చూడు, అనుకున్నాను. అనలేదు. పిన్ని మూడోది ఎత్తుకుంది. పైకి వెళ్లలేని చోటల్లా కిందికి దిగి, మిగిలిన నాలుగు స్వరాల్నే తిప్పి తిప్పి పాడింది. అలాంటి మలుపులు ఆ దొరసానమ్మ కూడా విని ఉండదు. కళ్లు మసకబారి నేను రెండు మెట్లు తప్పు నొక్కాను.

పాట ముగిసిన కాసేపటికి గోడ మీదుగా మెల్లగా వినిపించింది. "అమ్మాయ్, అయిపోయిందా? ఇక అనొచ్చా?"

"అనండి బాబాయ్," అంది పిన్ని.

ఆమెన్ రాలేదు. గొంతు పూడుకుపోయిన మనిషి దగ్గే వచ్చింది. ఊళ్లో మిరపకల్లాలు ఖాళీ అయి అప్పటికే చాలా రోజులైంది.