అతియా పిస్తోలులో ఇరుక్కున్న డొల్ల

మహబూబ్‌నగర్ ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసుల్లో అతియా అంటే పేరుపడ్డ మొండిఘటం. మక్తల్‌లో కుట్టుమిషన్లు బాగుచేసే మెహమూద్ కూతురు. పోలీసు కొలువు వద్దని చుట్టాలంతా గోల పెట్టినా చెవిన పెట్టలేదు. అలాంటి మనిషి ఆ రోజు గుట్ట కింది ఫైరింగ్ మైదానంలో ఏడుపు మొహంతో నిలబడింది. జిల్లా పిస్తోలు జట్టులో ఒక్క జాగా మిగిలింది. అది దక్కాలంటే మధ్యలో ఆగకుండా మ్యాగజైన్‌లోని తూటాలన్నీ పేల్చాలి. ఆమె పిస్తోలేమో మాటిమాటికీ మొరాయిస్తోంది.

పిస్తోలు పేలగానే పైనున్న స్లైడు వెనక్కి పోయి తూటా ఖాళీ డొల్లను పక్కకు విసిరేయాలి. అతియా పేలిస్తే మాత్రం ఆ డొల్ల స్లైడు కింద ఇరుక్కుని నిక్కి చూస్తోంది. మ్యాగజైన్ మార్చారు. డొల్లను పట్టి లాగే కొక్కేన్ని శుభ్రం చేశారు. తూటాలు కూడా వేరేవి తెచ్చారు. ఊహూ!

చివరికి ఇన్‌స్పెక్టర్ విజేందర్ తానే పిస్తోలు అందుకుని ధనాధన్ పేల్చాడు. ఒక్క డొల్లా ఇరుక్కోలేదు.

“తుపాకి మంచిగనే ఉందమ్మా. నీ మణికట్టే వదులైతాంది. చెయ్యి గట్టిగ లేకుంటే స్లైడు పూర్తిగ ఎనకకు పోదు. వచ్చే ఏడు చూద్దాంలే” అన్నాడు.

అతియాకు ఒళ్లు మండింది. చిన్నప్పటి నుంచి మిషన్ చక్రాలు తిప్పిన మణికట్టు అది! దారం తెంపుతోందని ఎవరైనా మిషన్ తెస్తే అబ్బాజాన్ వెంటనే విప్పడు. తెచ్చినవాళ్లనే కుట్టమని, పక్కన నిలబడి చూస్తాడు. అతియా కూడా ఇందాక సారు పేలుస్తుంటే అలాగే చూసింది. ఏదో తేడా ఉంది. ఏమిటది?

ఠక్కున ఆమె చూపు హెడ్ కానిస్టేబుల్ భిక్షం మీద పడింది. పేల్చిన ప్రతి తూటా డొల్లా తిరిగి ఆయుధాగారానికి చేరాల్సిందే. గడ్డిలో పడితే వెతకలేక చావాలి. అందుకే భిక్షం పేల్చేవాళ్ల కుడిపక్కన తన టోపీ తిరగేసి డొల్లలను అందులో పట్టుకుంటాడు. సారు దగ్గర మర్యాదకొద్దీ అల్లంత దూరంలో నిలబడి, పడ్డవాటి వెంట పరుగెత్తాడు. చెల్లెలి లెక్క చూసుకునే అతియా దగ్గరేమో ప్రేమకొద్దీ టోపీని పిస్తోలుకు ఆనించినంత పని చేశాడు. ఆ టోపీ గట్టి అంచు మీద పచ్చపచ్చగా ఇత్తడి గీతలు!

“భిక్షం అన్నా! డొల్లలు నీ టోపీకి తాకి వాపస్ వచ్చి ఇరుక్కుంటున్నయే!” అతియా అరిచినంత పని చేసింది.

“నేనేం జేసిన చెల్లె? నీకు సాయమే చేస్తున్న గదా!”

“నీ సాయంతోనే సస్తున్న! జర దూరం జరుగు. సార్, ఒక్కసారి!”

విజేందర్ టోపీ అంచును వేలితో తడిమి చూశాడు. “కానియ్” అన్నాడు.

అతియా మ్యాగజైన్ నింపి గురి పెట్టింది. ధన్! డొల్ల ఎండలో తళుక్కుమని ఎగిరి గడ్డిలో పడింది. ధన్! ఇంకొకటి. మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా పిస్తోలు ఎక్కడా ఆగలేదు. సంతోషం పట్టలేక అతియా గట్టిగా కేక పెట్టింది. భిక్షం టోపీ గాల్లోకి విసిరాడు.

“జట్టుల నీ పేరు రాస్తున్న” అన్నాడు విజేందర్.

తీరా ఏరి చూస్తే ఒక డొల్ల తక్కువైంది. ముగ్గురూ మోకాళ్ల మీద పడి గడ్డి దువ్వారు. ప్యాంటుకు పల్లేరుకాయలు గుచ్చుకున్న ఇన్‌స్పెక్టర్ చెమట తుడుచుకుంటూ తలెత్తాడు.

“నీ మణికట్టుకు ఏ రోగం లేదు తల్లీ. దొరికిందాక దేవులాడు!”