ఆ సెగ తిన్నదెవరు

నా చిన్నప్పుడు చంద్రగిరిలో మా వీధికంతా మొదట గ్యాస్ పొయ్యి వచ్చింది మా ఇంటికే. గొప్ప కోసం కాదు. మా అమ్మకు ఉబ్బసం. కట్టెల పొగ తగిలితే పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేది. పొగ మానకపోతే ప్రాణానికే ముప్పని డాక్టరు అన్నాక, మా నాయన ఎక్కడెక్కడో తిరిగి ఆ గ్యాస్ బండ తెచ్చాడు.

తెచ్చిన బండ మాత్రం నిలిచేది కాదు. తిరుపతిలో మా పిన్నమ్మ ఇంట్లో వచ్చినన్నాళ్లలో సగం కూడా మాకు వచ్చేది కాదు. కొత్తది వచ్చేదాకా మళ్లీ కట్టెలే, మళ్లీ అమ్మకు ఆయాసమే. ఇట్లయితే దీన్ని వాపసు ఇచ్చేస్తానని నాయన విసుక్కునేవాడు. ఆ మాట వింటే నాకు భయం వేసేది.

వంట అంతా మా అవ్వది, అంటే నాయన తల్లిది. అవ్వ నోరు మంచిది కాదని మనవరాలిగా నేను అనకూడదు గానీ, మంచిది కాదు. పక్కింటి అక్క పొద్దునా సాయంత్రం చిన్న గిన్నెతో వచ్చి బిడ్డకు పాలు వెచ్చబెట్టుకుని పోయేది. రమ్మన్నది మా అమ్మే. ఒక సాయంత్రం అక్క పాలు పెట్టగానే అవ్వ గోడతో చెప్పినట్టు, "మన గ్యాసు ఊరికంతా ధర్మమైపోయిందే" అంది. నన్నేనా అవ్వా అని అక్క అడిగితే, "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుండాదే" అంది. అక్క పాలు వెచ్చబడకుండానే దించుకుని వెళ్లిపోయింది. లోపలి గదిలోంచి అమ్మ లేచి వచ్చేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.

తరువాత అక్క రాలేదు. బండ మాత్రం ఎప్పటిలాగే తొందరగా అయిపోయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనడానికి మొహం చెల్లలేదు.

మళ్లీ కట్టెలు రాజేశారు, మళ్లీ అమ్మకు దగ్గు. గోడ అవతల వినబడిందేమో, అక్కే వచ్చింది. అమ్మను పొగకు దూరంగా తన ఇంటి వసారాలో పడుకోబెట్టింది. కొత్త బండ వచ్చేదాకా మా అందరికీ సంగటి తన పెరటి పొయ్యి మీదే కెలికి తెచ్చింది. ఆ సంగటి ముద్ద మింగుతుంటే అవ్వ ఎవరివైపూ చూసేది కాదు. నాకూ సిగ్గుతో తల లేచేది కాదు.

బండ వచ్చిన రోజు అక్క అమ్మను వెంటబెట్టుకొచ్చింది. అవ్వ అప్పుడే సంగటికి ఎసరు పెట్టి, మంట బాగా పెంచింది. కట్టెల పొయ్యి మీద మంట దబర గిన్నెను చుట్టుకుంటేనే సంగటి కుదురుతుందని ఆమె నమ్మకం. గ్యాస్ మంటను కూడా దబర అంచులదాకా ఎగదోసేది. అక్క అవ్వ చెయ్యి పట్టుకుని దబర పక్కన గాలిలో పెట్టింది. అవ్వ కాలుతోందని చెయ్యి లాక్కుంది.

"ఈ సెగ దబరలోకి పోలేదే. ఎవురు తింటాండారవ్వా దీన్ని?"

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో, మెల్లగానే అడిగింది. మంట అడుగు దాటకుండా తగ్గించి, మూత పెట్టింది. నూకలు ముందే నానబెట్టుకోమంది. ముందే చెప్పొచ్చు కదమ్మా అని అమ్మ అడిగింది.

"పాలు కాంచుకునేదానికి వచ్చినదాన్ని. మీ పొయ్యి తిప్పేదానికి నేనెవర్నక్కా?"

ఆ బండ పిన్నమ్మ ఇంట్లో వచ్చినన్నాళ్లూ వచ్చింది. నాయన వాపసు మాట ఎత్తలేదు. అమ్మ హాయిగా పడుకుంది. అవ్వ ఒక పొద్దున తానే అక్క గుమ్మం ముందుకు పోయి, బిడ్డ పాలు కాంచుకుందువు రామ్మా అని పిలిచింది. నేను వెనకే ఉన్నాను.

"వాడు సల్లటివే తాగేది నేర్చుకున్నాడులే అవ్వా" అంది అక్క. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఇప్పుడు తిరుపతిలో మా ఇంటికి గ్యాస్ గొట్టంలో వస్తుంది. మొన్న బిల్లు బాగా ఎక్కువొస్తే మా కోడలు వంటమ్మాయి వైపు అదోలా చూసింది. కోడలి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, మంట ఎగదోసి తనే పొయ్యి మీద పెట్టిన గిన్నె పక్కన పెట్టాను. వంటమ్మాయి టీ పెట్టుకునేటప్పుడు నేను వంటింట్లోకి పోను. పోవలసి వచ్చినా పొయ్యి వైపు చూడను. నా చూపులో ఆ పిల్లకు మా అవ్వ కనబడుతుందేమోనని.