ఖలాస్ అంటే పారబోయమని కాదు

సీసాలో ఆఖరి చుక్క కూడా సింకులోకి జారాక, బ్రష్షు తీసుకుని అడుగున పట్టిన జిగురు గీకుతున్నాను. వెనక తలుపు తెరుచుకుంది. మా ల్యాబ్ మేడమ్ చేతిలో టీ కప్పుతో నా వైపు, సీసా వైపు, మళ్ళీ నా వైపు చూసింది. కప్పు బల్ల మీద పెట్టబోయి, బల్ల లేని చోట పెట్టింది. (అదీ నేనే ఊడ్చాను.)

ఆ రోజుల్లో నాకు చెప్పిన పని కంటే చెప్పని పని చేయడంలోనే హుషారెక్కువ. ఎనిమిదో తరగతితో బడి మానేసి, ఇరవయ్యో ఏట దుబాయ్ దగ్గర సజ్జాలో ఒక సబ్బుల ఫ్యాక్టరీకి క్లీనర్‌గా వచ్చాను. మేడమ్ ఐర్లాండ్ నుంచి వచ్చిన కెమిస్టు, అరవై దాటిన మనిషి. కెమిస్టంటే మాకు మందుల షాపే కదా, మొదటి రోజే వెళ్ళి తలనొప్పి బిళ్ళ అడిగాను. పాపం, తన సంచి వెతికి ఇచ్చింది. నా మాట నమ్మి ఆ సాయంత్రం మా రూములో ఇద్దరు మోకాళ్ళ నొప్పులతో ఆమె దగ్గరికి బయల్దేరారు.

మేడమ్‌కి అరబ్బీలో వచ్చినవి రెండే మాటలు: పదమనడానికి యల్లా, అయిపోయిందనడానికి ఖలాస్. ఆ మధ్యాహ్నం సీసా పక్కన గ్లవ్స్ విప్పి పెట్టి, నాతో నవ్వుతూ "ఖలాస్" అని టీకి వెళ్ళింది. తన పని అయిపోయిందని ఆమె ఉద్దేశం. సీసా పని అయిపోయిందని నా ఉద్దేశం. దాని మీద పేరు లేదు, చూడ్డానికి బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. తీరా అది కొత్త సబ్బు కోసం ఇరవై రోజులుగా తయారవుతున్న మల్లెపూల వాసనట. కారిడారంతా పెళ్ళివారిల్లులా గుబాళించింది. ఆ వాసన పట్టుకునే మా మేనేజరు, అందరూ ముదీర్ అనే ఆయన, వచ్చేశాడు. సంగతి విని, రేపు పొద్దున ఆఫీసుకి రా, టికెట్ సంగతి మాట్లాడదాం అని హిందీలో చెప్పి వెళ్ళాడు. టికెట్టంటే ఇంటికే. దుబాయ్ దాకా వెళ్ళి సీసా కడగడం చేతకాక తిరిగొచ్చిందని ఊళ్ళో అనుకుంటారే అని భయపడ్డాను.

అప్పటికి మా సూపర్‌వైజరు అందరం పిన్ని వరస పెట్టి పిలిచే నెల్లూరు ఖాలా పరుగెత్తుకొచ్చింది. మాలో ఇంగ్లీషు వచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

"ఏందే పిల్లా, వాసనన్నా చూడకుండా పోసేసినావా?"

"చూశా ఖాలా. బావుంది."

"బావుంటే పోస్తారా ఎవురన్నా?"

"ఖలాస్ అందిగా ఆవిడ."

ఖాలా ఆ ముక్క ఇంగ్లీషులో చెప్పగానే మేడమ్ కుర్చీలో కూలబడి నవ్వింది. తర్వాత చాలాసేపు ఏదో చెప్పింది. ఖాలా దాన్ని కుదించింది.

"ఆమె పన్జేసిన చోట అప్పట్లో ల్యాబులోకి ఆడోళ్ళని రానిచ్చేవోళ్ళు కాదంట. ఈమే మొదలంట. రానిచ్చినాక గూడా రెండేళ్ళు సీసాలే కడిగించినారంట."

"కడిగిందా?"

"కడగతా కడగతా పెద్దసారు ఆర్నెల్ల పని గూడా కడిగేసిందంట."

"మరి పంపించెయ్యలేదా?"

"ఆ సారు పక్కన నిలబెట్టుకోని మొదట్నించీ మళ్ళా చేయించినాడంట. అట్టా నేర్చుకున్నిందంట. పేరు రాయని సీసా పోతే తప్పు కెమిస్టుదేనంట. ముదీర్‌తో ఆ మాట ఆమే చెప్తాదంట. వింటాడో లేదో మాత్రం తెలీదంట."

మేడమ్ నా చేతిలో తెల్ల చీటీల కట్ట, మార్కరు పెట్టి, "యువర్ లాంగ్వేజ్" అంది. నాకొచ్చిన తెలుగులోనే రాసి సీసాలకి అంటించమంటోందని ఖాలా చెప్పింది.

(ముదీర్ విన్నాడు లెండి. ఆ తర్వాత నాలుగేళ్ళు అక్కడే చేశాను. మేడమ్ వాళ్ళ దేశం వెళ్ళిపోయాక కూడా ఆ అరల్లో సగం సీసాల మీద నా కోడి గీతలే ఉండేవి.) ఇప్పుడెక్కడ మల్లెల సబ్బు వాసన తగిలినా, ముదీర్‌కి తెలుగు రాదన్న సంగతి కూడా తట్టని ఆ ఇరవయ్యేళ్ళ పిల్లే గుర్తొస్తుంది. సీసా పారబోసిన మర్నాడు పొద్దున అందరికంటే ముందు ల్యాబుకి వెళ్ళి, కనపడిన ప్రతి సీసాకీ "పారబోయొద్దు" అని రాసి అంటించాను, మేడమ్ టీ ఫ్లాస్కుతో సహా. చివరికి ఒక్క చీటీ మిగిలింది. దాని మీదా అదే మాట రాసి, నా యూనిఫాం జేబుకి అంటించుకుని, వెళ్ళి ముదీర్ ఆఫీసు తలుపు కొట్టాను.