స్టేషన్ ఎదుట మేం వేసిన బల్ల

నా టైపు ఇన్‌స్టిట్యూట్ మా ఊరి పోలీస్ స్టేషన్‌కి సరిగ్గా ఎదురుగా ఉండేది. కింద ఎరువుల కొట్టు, పై గదిలో నా ఆరు మిషన్లు. తొంభైల చివరి మాట ఇది. టైపు లోయర్ పరీక్ష పాసయితే ఎక్కడో ఒకచోట గుమస్తా ఉద్యోగం దొరుకుతుందని పిల్లలు ఇంకా నమ్మే రోజులు. కిటికీ తీస్తే స్టేషన్ వాకిలి, పక్క సందు, వెనక పెరట్లో కుళాయి, అన్నీ కనిపించేవి. కనిపిస్తాయనే నేను ఆ కిటికీ మూసి ఉంచేదాన్ని. ఎప్పుడైనా స్టేషన్ లోపలినుంచి కేకలు వినబడితే, మిషన్లు ఇంకాస్త గట్టిగా కొట్టమని పిల్లలకి చెప్పేదాన్ని. ఆరు మిషన్లు ఒక్కసారి మోగితే ఇంకే చప్పుడూ చెవిన పడదు.

ఒక మధ్యాహ్నం ఒకావిడ అర్జీ కొట్టించుకోవడానికి మెట్లెక్కి వచ్చింది. రైస్ మిల్లు కళ్ళంలో ధాన్యం ఎండబోసే మనిషి. పాదాలకి ఇంకా ఊక అంటుకునే ఉంది. ఆమె భర్త అదే మిల్లులో బస్తాలు మోసేవాడు. మిల్లులో మోటారు కనపడటం లేదని మూడు రోజుల కిందట పోలీసులు అతన్ని జీపులో తీసుకుపోయారు. అడగడానికి వెళితే, అలాంటి మనిషిని మేం తేలేదు పొమ్మంటున్నారట. ఎర్ర గళ్ళ లుంగీ కట్టుకున్నాడని ఆమె గుర్తులు చెబుతుంటే నా వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి.

నేను అతన్ని చూశాను. ముందురోజు పొద్దున్న గాలి కోసం కిటికీ తీసినప్పుడు, పెరట్లో కుళాయి దగ్గర. గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

ఆమె నా మొహం చూసి కనిపెట్టేసింది. “మీరు చూశారు కదండీ?” అంది. నేను తల ఊపాను.

“అయితే ఆ ముక్క కూడా కొట్టండమ్మగారూ. ఎదురుగా ఉన్న టీచరమ్మగారు చూశారని కొట్టండి.”

సరేనన్నాను. కానీ ఆ ముక్క కొట్టలేదు. ఆమెకి చదువు రాదు. నేనిచ్చిన కాగితం మీద వేలిముద్ర వేసి, కళ్ళకద్దుకుని తీసుకుపోయింది.

ఆ అర్జీ ఎవరూ పట్టించుకోలేదు. ఆరో రోజున అతన్ని వదిలేశారు. మోటారు ఎక్కడికీ పోలేదు. మిల్లు గుమస్తాయే మరమ్మతుకి వైండింగు షాపుకి పంపి, ఆ సంగతి మరిచిపోయాడు. అతను మాత్రం మళ్ళీ బస్తా భుజానికెత్తలేకపోయాడు. నడుం వంగేది కాదు.

నేను రెండు వారాలు ఆ మాట కడుపులో పెట్టుకు తిరిగాను. చివరికి మిల్లు దగ్గరికి వెళ్ళి, కళ్ళం గట్టు మీద ఆమె పక్కన కూర్చుని, కాగితంలో ఏం రాశానో, ఏం రాయలేదో చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె కొంగుకంటిన గింజలు దులిపి కళ్ళంలో వేసింది.

“చదువుకున్నోళ్ళకి బయం ఎక్కువండి,” అంది. “మాకు మాత్రం లేకా? ఇంకో దారి లేక వచ్చాం. ఈసారి రాద్దురుగానిలెండి.”

ఆ ‘ఈసారి’ అన్న మాట నన్ను వదల్లేదు. ఇంకోసారి జరుగుతుందని ఆమెకి అంత ఖాయంగా తెలుసు.

మా ఇన్‌స్టిట్యూట్‌కి ఒక రిటైరయిన హెడ్మాస్టరు గారు వచ్చేవారు. కాలవగట్టు రోడ్డు గురించీ, మురుగుకాలవల గురించీ అధికారులకి ఉత్తరాలు కొట్టించడం ఆయన పని. ఆయనతో అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ విన్నారు. ఎవరినైనా పట్టుకుంటే ఇరవై నాలుగు గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలనీ, ఇంట్లోవాళ్ళకి కబురు చెయ్యాలనీ చట్టం ఉందన్నారు. మరి ఎందుకు జరగడం లేదని అడిగాను.

“ఆ ఇరవై నాలుగు గంటలు ఎప్పుడు మొదలయ్యాయో వాళ్ళే చెబుతున్నారమ్మా,” అన్నారు. “తెచ్చినప్పుడు చూసిన మనిషి ఒక్కడుంటే చాలు.”

అలా మొదలయింది. లూథరన్ చర్చి స్త్రీల సమాజం వాళ్ళు ఒక పాత బల్ల ఇచ్చారు. దాన్ని ఎరువుల కొట్టు అరుగు పక్కన, నా మెట్ల కింద నీడలో, స్టేషన్ వాకిలికి ఎదురుగా వేశాం. పొద్దున్న ఆరు నుంచి దీపాలు పెట్టేవేళ దాకా ఎప్పుడూ ఇద్దరు కూర్చోవాలి. ఒకరికైనా రాత వచ్చి ఉండాలి. మొదటి వారం మేం తొమ్మిది మందిమి. మిల్లు ఆడవాళ్ళు నలుగురు, చర్చి వాళ్ళు ముగ్గురు, మాస్టారు, నేను. మాస్టారు పెట్టిన నియమాలు కొద్దే. పిలవకుండా లోపలికి వెళ్ళకూడదు. గొంతు పెంచకూడదు. కంటితో చూడనిది మా దగ్గరుంచుకున్న నోటు పుస్తకంలో రాయకూడదు. ఎవరిని ఎన్నింటికి తెచ్చారు, ఏ బట్టలు, నడిచి వెళ్ళారా, ఎన్నింటికి బయటికొచ్చారు, ఇవే రాయాలి. అంతే.

నాలుగో రోజున ఎస్సై రోడ్డు దాటి వచ్చారు. నేను ఆ గంట బల్ల మీద మాస్టారి పక్కన ఉన్నాను.

“ఏంటండీ మాస్టారూ, ఇక్కడ కూర్చున్నారు?”

“చూద్దామనండి.”

“ఏం చూస్తారు?”

“ఎవరొస్తున్నారో, ఎవరెళ్తున్నారో. మీరు బయటికి రావడం కూడా రాశామండి. తొమ్మిదీ పదికి.”

ఎస్సై గారు పుస్తకం వంక చూసి వెనక్కి వెళ్ళిపోయారు. మర్నాడు జీపుని తెచ్చి మా బల్లకి అడ్డంగా పెట్టించారు. మేం బల్లని రెండు బారలు జరుపుకున్నాం. ఆ మర్నాడు జీపు అక్కడికొచ్చింది. మేం పాత చోటికి వచ్చాం. వారం తిరిగేసరికి ఆ ఆటకి డ్రైవరే విసుగెత్తి జీపుని లోపల పెట్టేసుకున్నాడు. కానీ అంతా నవ్వులాట కాదు. నా చేత మేడ ఖాళీ చేయించమని ఇంటి యజమాని మీద ఒత్తిడి వచ్చింది. ముగ్గురు పిల్లల్ని తల్లిదండ్రులు మానిపించారు. నేను మాత్రం కిటికీ మూయడం మానేశాను.

రెండు నెలలు గడిచాక ఒక మంగళవారం, సైకిల్ మీద చేపలమ్మే ఒకాయన్ని జీపులో తెచ్చారు. ఆ సమయంలో బల్ల మీద, మొదట అర్జీ కొట్టించుకున్న మిల్లు ఆవిడ, ఒక చర్చి ఆవిడ ఉన్నారు. నేను పైనుంచి చూశాను. మర్నాడు పొద్దున్న అతని తమ్ముడు స్టేషన్‌కి వెళ్ళి, అలాంటి మనిషి ఇక్కడ లేడనిపించుకుని, ఏడుపు మొహంతో బయటికొచ్చాడు. మిల్లు ఆవిడ అతని చెయ్యి పట్టుకుని తిన్నగా నా దగ్గరికి మెట్లెక్కించింది. పుస్తకం నా ముందు పెట్టింది.

“అమ్మగారూ, కొట్టండి,” అంది.

కాగితాల మధ్య కార్బన్ పెట్టి మొదలుపెట్టాను. నా పేరు, నా తండ్రి పేరు, నా వృత్తి కొట్టాను. తరవాత, ‘పై వ్యక్తిని స్టేషన్‌లోకి తీసుకువెళ్ళగా నేను నా కళ్ళతో చూశాను’ అని కొట్టాను. ఆ వాక్యాన్ని పైకి చదివి ఆమెకి వినిపించాను. ఆమె తల ఊపాక కింద సంతకం పెట్టాను.

మాస్టారు తనకి తెలిసిన ప్లీడరు గారిని వెంటబెట్టుకుని కోర్టుకి వెళ్ళారు. మేజిస్ట్రేటు గారు కాగితాలు, పుస్తకం చూసి, ఇంకో ప్లీడరుని పిలిచి, స్టేషన్ సోదా చేసి రమ్మని ఉత్తర్వు రాసిచ్చారు. కోర్టు నుంచి స్టేషన్‌కి అర కిలోమీటరు. ఆ సోదా ప్లీడరు గారు ముందు నడుస్తుంటే వెనక మేం నడిచాం. మిట్టమధ్యాహ్నం ఎండ. మిల్లు దగ్గరికొచ్చేసరికి కళ్ళంలో పనిచేసేవాళ్ళు పారలు కింద పడేసి మాతో కలిశారు. స్టేషన్ చేరేసరికి రోడ్డు నిండిపోయింది. ఎవరూ నినాదం ఇవ్వలేదు. అంత మంది అంత నిశ్శబ్దంగా నిలబడటం నేను అంతకుముందు చూడలేదు.

వెనక గదిలో చేపలాయన ఉన్నాడు. ఇప్పుడే, ఈ పొద్దున్నే తెచ్చామని ఎస్సై గారు చెప్పారు. ప్లీడరు గారు బయటికి వచ్చి, చూసినవాళ్ళెవరని అడిగారు. మిల్లు ఆవిడ ముందుకొచ్చింది.

“నిన్న మంగళారమండి. తొమ్మిదీ నలభైకి. నీలం చొక్కా. దిగేటప్పుడు కాళ్ళకి చెప్పుల్లేవండి, జీపులోనే ఉండిపోయాయి.”

“ఆ జీపు మళ్ళీ బయటికి వెళ్ళిందా?”

“నిన్న వచ్చింది వచ్చినట్టే ఉందండి. చక్రం గాలి దిగిపోయింది. చూసుకోండి.”

ప్లీడరు గారు జీపు దగ్గరికి నడిచారు. వెనక సీటు కింద రబ్బరు చెప్పుల జత ఉంది. చేప పొలుసులు ఎండి అంటుకుని ఉన్నాయి. గాలి పోయిన వెనక చక్రం కింద దుమ్ము కదల్లేదు. ఆయన ఆ చెప్పులు స్వయంగా తీసుకెళ్ళి చేపలాయన ముందు పెట్టారు. అతను వాటిల్లో కాళ్ళు దూర్చి, మా అందరి మధ్యనుంచీ కోర్టుకి నడిచాడు. మేజిస్ట్రేటు గారు వదిలెయ్యమంటే, సాయంత్రం లోపు తమ్ముడి సైకిల్ మీద ఇంటికి వెళ్ళిపోయాడు. అప్పుడు మాత్రం జనం ఆగలేదు. మిల్లు ఆడవాళ్ళు మాస్టారిని ఎత్తినంత పని చేశారు. ఆయన కళ్ళజోడు ఎక్కడో పడిపోయి, రోడ్డంతా నవ్వుకుంటూ వెతికాం.

విచారణ జరిగి ఎస్సై గారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన స్టేషన్ గోడకి ఒక నల్లబల్ల కట్టించారు. ఎవరిని తెచ్చారు, ఎన్నింటికి, ఇంట్లో ఎవరికి కబురు చేశారు, అన్నీ సుద్దముక్కతో రాయించేవారు. హెడ్ కానిస్టేబుల్ రాసి, మా వైపు తిరిగి, సరిపోయిందా అన్నట్టు చూసేవాడు. ఒకటి రెండుసార్లు మనుషుల్ని స్టేషన్‌కి కాకుండా వేరే చోటికి తీసుకెళ్ళిన మాట నిజమే. అది కూడా మాకు తెలిసింది, రాశాం, అడిగాం. మేం కూర్చున్న నాలుగేళ్ళలో ఆ పెరట్లో అలా గోడ పట్టుకుని నడిచే మనిషి మళ్ళీ ఒక్కడూ నాకు కనిపించలేదు.

ఒక ఏడాది గోదావరి అవతలి ఊరినుంచి ఆరుగురు ఆడవాళ్ళు బస్సెక్కి వచ్చారు. ఇదంతా ఎలా చేశారో చెప్పమన్నారు. మాస్టారు చట్టం చెప్పబోతుంటే మిల్లు ఆవిడ అడ్డుపడింది.

“ముందు నీడ చూసుకోండమ్మా. ఎండలో బల్లేస్తే మూడో రోజుకి ఎవరూ రారు.”

వాళ్ళు ఆవిడనే తమ ఊరు రమ్మని పట్టుబట్టారు. ఆమె మొదటిసారి గోదావరి వంతెన దాటి వెళ్ళింది. అక్కడ బల్ల మీద మొదట ఆమెనే కూర్చోబెట్టి, మెడలో బంతిపూల దండ వేశారట. దండతోనే బస్సెక్కి తిరిగొచ్చింది. దారిలో అందరూ ఎక్కడ పెళ్ళని అడిగారట. పోలీస్ స్టేషన్ దగ్గరని చెప్పిందట.