వారానికో గ్రహం, ఒక మిరియాల మొక్క

ఆ కెప్టెన్ అంటే నాకు ఒళ్ళుమంట. వారానికో గ్రహం, గ్రహానికో అమ్మాయి. పరిచయం, ప్రేమ, కన్నీళ్ళు అన్నీ ఒక్క ఎపిసోడ్‌లోనే అయిపోతాయి. చివర్లో అంతరిక్ష ఓడ నుంచి పిలుపు రాగానే ఆ అమ్మాయి చెయ్యి వదిలేసి వెళ్ళిపోతాడు. పై వారానికి ఆమె పేరు కూడా ఎవరికీ గుర్తుండదు.

మా అమ్మ చిన్ననాటి ఆ విదేశీ సీరియల్‌ని పెన్‌డ్రైవ్‌లో మా కొండకు మోసుకొచ్చింది లెక్కల మాస్టారు. చింతపల్లి పైన మా ఊరి ఆశ్రమ పాఠశాలకు మైదానం నుంచి పోస్టింగ్ మీద వచ్చాడు. వరి పండించే ఇంటి మనిషి. నేను అదే బడిలో తెలుగు చెబుతాను. పుట్టి పెరిగింది ఇక్కడే. శనివారం బడి వదిలాక స్టాఫ్ రూములో ఆయన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చూసేవాళ్ళం. వారానికి ఒకటే ఎపిసోడ్, ఒకరిని వదిలి ఇంకొకరు చూడకూడదని ఒప్పందం.

"ఏటి మేడమ్, కెప్టెన్ని అలా తిడతన్నారు? డ్యూటీ కదండీ ఆయనది," అనేవాడు.

"డ్యూటీ అయితే డ్యూటీ సేసుకోవాల. మజ్జిలో ఆ గుంటతో కబుర్లేటి?" అనేదాన్ని.

అసలు సంగతేమిటంటే, మా ఏజెన్సీకి పోస్టింగ్ మీద వచ్చేవాళ్ళంతా నాకు ఆ కెప్టెన్‌లాగే కనిపిస్తారు. వచ్చిన కొత్తలో పొగమంచు చూసి మురిసిపోతారు. మా కాఫీ తాగి, ఇక్కడే ఉండిపోవాలని ఉందంటారు. బదిలీ ఆర్డరు రాగానే మొదటి జీపుకే సామాను ఎక్కిస్తారు. అలా ఎంతమందికి చెయ్యి ఊపానో లెక్కలేదు. ఈయనకు చెయ్యి ఊపడం మాత్రం నా వల్ల కాదని తెలిసిపోయింది. ఆయనంటే నాకు ప్రాణం. ఉండిపొమ్మని అడగడానికి మాత్రం నోరు రాలేదు.

ఆ ఓడలో నాకు నచ్చింది డాక్టరమ్మ, కెప్టెన్ కింద ఓడ నడిపే పైలట్. ఎన్నేళ్ళ ప్రయాణమో వాళ్ళకే తెలీదు. ఒకే బల్ల దగ్గర తింటారు, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు పక్కన కూర్చుంటారు. ఇష్టమన్న మాట మాత్రం ఇద్దరూ పైకి అనరు.

"ఈళ్ళకి నోరు లేదా మాస్టారూ?" అని విసుక్కునేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. మా సంగతీ అంతేనని నాకు అప్పుడు తట్టలేదు.

పోయిన ఏడాది బడులు తెరిచిన వారంలోనే బదిలీలకు దరఖాస్తులు పిలిచారు. ఏజెన్సీలో ఆయన గడువు అయిపోయింది. కావాలంటే సొంతూరికి దగ్గర్లోని బడి కోరుకోవచ్చు. పెట్టాడో లేదో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడు శనివారాలు ఏదో వంక చెప్పి ఇంటికి వచ్చేశాను.

"గుంటడు మంచోడే. ఆర్డరొస్తే మాత్రం బేగి ఎల్లిపోతాడు," అంది అమ్మ, నా మొహం చూసి.

మూడో శనివారం మర్నాడు చర్చి నుంచి వచ్చేసరికి మా పెరట్లో మాస్టారు ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బురద చేతులతో సిల్వర్ ఓక్ చెట్టు మొదట్లో ఏదో నాటుతున్నాడు. ఒంట్లో బాగోలేదని ఇంట్లోనే ఉండిపోయిన అమ్మ, గడప దగ్గర కూర్చుని తీరిగ్గా చూస్తోంది.

"ఏటి సేత్తన్నారు మాస్టారూ?"

"మిరియం తీగ ఏత్తన్నానండి. అమ్మగార్ని అడిగే ఏత్తన్నాను."

"అది కాపుకొచ్చీసరికి మూడేళ్ళు పడతాది. తెలుసా?"

"తెలుసండి. అందుకే ఏత్తన్నాను. దరఖాస్తు పెట్టలేదు." తలెత్తి చూశాడు. "కోతలప్పుడు కూడా ఇక్కడే ఉంటానండి. మీకిష్టమైతేనే."

మా కొండ మీద వెళ్ళిపోయేవాడు మిరియం వెయ్యడు. చిక్కుడు వేస్తాడు, బంతి వేస్తాడు, ఒక కాపు చూసుకుని పోతాడు. మిరియం వేశాడంటే ఉండిపోతున్నాడనే. ఆ సంగతి ఆయనకు ఎవరు చెప్పారో అమ్మ మొహం చూస్తే తెలిసింది.

మొక్క దగ్గరికి వెళ్ళాను. తీరా చూస్తే మొక్కను చెట్టుకు దక్షిణం వైపు నాటాడు. వరి మడి మనిషికి ఏ పక్కయినా ఒకటే. అటు వేస్తే వేసవి ఎండకు తీగ మాడిపోతుంది. ఉత్తరం వైపు నీడలో వెయ్యాలని మా బడి పిల్లలను అడిగినా చెబుతారు.

"నీకు తెలుసు కదేటమ్మా? సెప్పలేదేం?"

"నువ్వు సెప్తావని," అంది అమ్మ.

బైబిలు అమ్మ చేతికిచ్చి, కట్టుకున్న మంచి చీరతోనే బురదలో కూర్చున్నాను. వేళ్ళు తెగకుండా మట్టితో సహా మొక్కను పైకి తీశాను. ఉత్తరం వైపు గొయ్యి తవ్వమంటే తవ్వాడు. మొక్క పెట్టి, చుట్టూ మట్టి ఇద్దరం కలిసి నొక్కాం.

"ఇంక బతుకుతాది," అన్నాను.

"అంటేటండీ?" అన్నాడు ఆయన, బురద చేతులు అలాగే పట్టుకుని.

మళ్ళీ ఊరుకోబోయాను. ఆ డాక్టరమ్మ గుర్తొచ్చింది.

"ఇష్టమేనండి," అన్నాను, అమ్మకు కూడా వినపడేలా.