మా చిన్నవాడు ఓడెక్కిన సెలవులు

పోయిన నెలలో మా అమ్మాయి, అల్లుడు పిల్లలిద్దరినీ తీసుకుని ఓడ ప్రయాణానికి బయలుదేరుతుంటే సాగనంపడానికి నేనూ మా వారూ మెల్‌బోర్న్ రేవుకి వెళ్ళాం. వాళ్ళు క్రాన్‌బర్న్ నుంచి, మేము పాయింట్ కుక్ నుంచి చెరో దారిన వచ్చి, ఎగిరిపోతున్న టోపీలు పట్టుకుంటూ రేవు గేటు దగ్గర కలుసుకున్నాం. మమ్మల్నీ రమ్మని అమ్మాయి ఎంతో బతిమాలింది గాని, మోకాళ్ళ నొప్పులని ఆయన, ఆయన్ని వదిలి ఎలా రానని నేను, చెరో సాకు చెప్పి తప్పించుకున్నాం. మనవడు వాళ్ళమ్మ చెయ్యి విడిపించుకుని లోపలికి ఒకటే పరుగు. అది వాడి వెనకాలే "స్లో డౌన్! పడతావ్!" అని అరుస్తూ వెళ్ళింది. వాళ్ళు కనుమరుగయ్యాక మా వారు తలెత్తి, తెల్లగా అంత ఎత్తున నిలబడ్డ ఆ ఓడకేసి చూస్తూ ఉండిపోయారు. కారెక్కాక కూడా తాళం తిప్పకుండా చాలాసేపు అలాగే కూర్చున్నారు. ఏం తలుచుకుంటున్నారో నేను అడగలేదు. అడగవలసిన పని లేదు.

మాకిద్దరు పిల్లలు. అమ్మాయి తెనాలిలో పుట్టింది, అబ్బాయి మేము ఈ దేశం వచ్చాక పుట్టాడు. ఇంట్లో అందరికీ వాడు చిన్నవాడే. వాడికి నాలుగో ఏడు వచ్చేసరికి నడుస్తూ నడుస్తూ ఊరికే కూలబడుతుండేవాడు. మొదట్లో బూట్లు బిగువన్నాం, దిష్టన్నాం, బలం లేదని పాలల్లో బాదం పొడి కలిపి పట్టాం. చివరికి డాక్టర్లు తేల్చిన మాట, వాడి కండరాలు రానురాను క్షీణిస్తాయని, దానికి మందు లేదని. ఆ మాట విన్న గదిలో గోడ మీద ఏనుగుల బొమ్మలుండేవి. ఆ తర్వాత నేను ఎక్కడ ఏనుగు బొమ్మ చూసినా మొహం తిప్పుకునేదాన్ని. వాడు తొమ్మిదో ఏట చక్రాల కుర్చీలోకి వచ్చాడు, మీట నొక్కితే దానంతటదే నడిచే కుర్చీ.

నా యీడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మనవాళ్ళకి సెలవులంటే నాలుగు కుటుంబాలు కలిసి సముద్రపు ఒడ్డునో కొండల్లోనో ఓ ఇల్లు అద్దెకు తీసుకోవడం, పులిహోర, చపాతీలు మూటగట్టుకుపోవడం, మగవాళ్ళు పేకాట, ఆడవాళ్ళు కబుర్లు. మేమూ వెళ్ళేవాళ్ళం. కాని ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మం ముందు మెట్లుండేవి, కుర్చీ పట్టని స్నానాలగది ఉండేది. సముద్రం దగ్గరికి పోతే చక్రాలు ఇసకలో కూరుకుపోయేవి. మా వారు వాడిని వీపున వేసుకుని మోసేవారు. వాడు పెరుగుతున్నాడు, ఈయన నడుము వంగుతోంది. పిల్లలంతా నీళ్ళలోకి పరుగెడుతుంటే అమ్మాయి మాత్రం తమ్ముడి పక్కన చాప మీద కూర్చునేది. వెళ్ళవే అంటే, "ఇట్స్ ఓకే, నాకు నీళ్ళు చల్లగా ఉంటాయి" అనేది. దానికి నీళ్ళంటే ప్రాణమని నాకు తెలుసు. ఇదంతా చూశాక మెల్లగా మేము వెళ్ళడం మానేశాం. ఎవరైనా పిలిస్తే ఇంట్లో పనుందనేవాళ్ళం.

అప్పుడు, వాడికి వ్యాయామం చేయించడానికి వచ్చే ఒకావిడ, ఓడలో వెళ్ళి చూడండి, అందులో అన్నిటికీ లిఫ్టులుంటాయి, మోయవలసిన పనే ఉండదు అని చెప్పింది. ఆ ఏడు మా అత్తగారు కూడా మా దగ్గరే ఉన్నారు. సముద్రం దాటి వచ్చినావిడే అయినా, విమానంలో వచ్చారు కనుక అది లెక్కలోది కాదట. ఓడ అనేసరికి దేవుడి ముందు దీపం పెట్టి మూడుసార్లు దణ్ణం పెట్టుకున్నారు. డిసెంబరు సెలవుల్లో సిడ్నీ దాకా కారులో వెళ్ళి, పసిఫిక్ దీవుల వైపు పోయే ఓడ ఎక్కాం. ఎక్కే వంతెన మీద నా కళ్ళు అలవాటుగా మెట్ల కోసం వెతికాయి. ఎక్కడా లేవు. మా చిన్నవాడు మీట ముందుకు నొక్కి, ఎవరి సాయమూ లేకుండా, అందరికన్నా ముందు లోపలికి వెళ్ళిపోయాడు.

పిల్లలున్న కుటుంబాలు ఓడ ప్రయాణమంటే ఎందుకంత ఇష్టపడతాయో ఎవరైనా అడిగితే, నేను గంటలకొద్దీ చెప్పగలను. పెట్టె ఒక్కసారే విప్పుతాం, ఊళ్ళు మాత్రం వాటంతటవే మన దగ్గరికి వస్తాయి. వంట లేదు, అంట్లు లేవు, కారు తోలే పని లేదు, దారి తప్పామని మొగుడూ పెళ్ళాల కీచులాట లేదు. పిల్లలు తప్పిపోయినా ఓడ దాటి ఎక్కడికీ పోలేరు. పొద్దున లేచింది మొదలు ఐస్‌క్రీం పెట్టేవాళ్ళున్నారు. గది సర్దే మనిషి తువాళ్ళను మడతలు వేసి రోజుకో జంతువును మంచం మీద కూర్చోబెట్టేవాడు. కోతిని చేసిన రోజున మా అత్తగారు ఆంజనేయస్వామి వారని దాన్ని విప్పనివ్వలేదు, తువాలు లేకుండానే స్నానాలు కానిచ్చాం. వంటగదిలో గోవా అబ్బాయి ఒకడు ఆవిడ కోసమని రోజూ అన్నం, పప్పు విడిగా చేసి పంపేవాడు. సాయంత్రాలు అందరూ మంచి బట్టలు కట్టుకుని భోజనానికి వెళ్ళే రోజుల్లో మా వారు పెళ్ళినాటి తర్వాత మళ్ళీ సూటు వేశారు. మా అమ్మాయి తమ్ముడి కోసం ఆగకుండా, తన యీడు పిల్లలతో ఏ అంతస్తులో ఉందో కూడా తెలియకుండా తిరిగేది. ఎక్కడున్నావే అంటే, "చిల్, అమ్మా" అనేది. ఆ మాటకి కోపం రావలసిందిపోయి నాకు ఎంత సంతోషం వేసేదో! ఆస్పత్రి నుంచి ఫోను రాదు, చుట్టాల సలహాలు రావు. చుట్టూ నీళ్ళు తప్ప మరేమీ లేని చోట నేను మొదటిసారి మధ్యాహ్నం పూట నిద్రపోయాను.

మధ్యలో ఒకరోజు సముద్రం అల్లకల్లోలమైంది. ఓడ ఇటు ఒరిగి అటు ఒరిగి, పళ్ళాలు జారి, జనం గోడలు పట్టుకుని తప్పటడుగులు వేస్తూ, ఒకరి మీద ఒకరు పడుతూ నడిచారు. మా అత్తగారైతే నడవా మధ్యలో కూలబడి గోవింద నామాలు అందుకున్నారు. అంత గందరగోళంలో ఒక్క మా చిన్నవాడు మాత్రం బరువైన కుర్చీలో, నడుముకి పట్టీ కట్టుకుని, గీత గీసినట్టు తిన్నగా వచ్చాడు.

"నాన్నమ్మా, కుర్చీ పట్టుకో. ఐ విల్ డ్రైవ్."

"పడేస్తావురా నాయనా!"

"నువ్వే పడుతున్నావ్. ఎవ్రీబడీ ఈజ్ వాకింగ్ లైక్ మీ టుడే!" అని ఒకటే నవ్వు.

ఆవిడ వాడి కుర్చీ పట్టుకుని లేచి, వాడి వెనకాలే గది దాకా వచ్చారు. వాడు నడవలేడని గుళ్ళ చుట్టూ తిరిగి ఆవిడ మొక్కని దేవుడు లేడు. ఆ పూట మంచం మీద పడుకుని కళ్ళు మూసుకుని, "వీడు నన్ను నడిపించాడే" అని ఒక్కమాట అన్నారు.

ఆ తర్వాత వచ్చిన దీవి దగ్గర ఓడ ఆనడానికి రేవు లేదు. దూరంగా లంగరు వేసి, చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకి చేర్చేవారు. మేమూ టోపీలు, తువాళ్ళు సర్దుకుని దిగేచోటికి వెళితే, అలలు బాగా లేస్తున్నాయని, కుర్చీని పడవలోకి ఎక్కించడం కుదరదని అక్కడి ఉద్యోగి చాలా మర్యాదగా చెప్పాడు. నేను వీపున మోసుకుపోతానన్నారు మా వారు. అదీ ప్రమాదమేనన్నాడు. అమ్మాయి అప్పటికే టోపీ తీసేసింది. నేనూ వెనక్కి తిరిగాను. అప్పుడు మా చిన్నవాడు, "యూ గైస్ గో. అక్క హాజ్ బీన్ వెయిటింగ్ ఫరెవర్. నాన్న నాతో ఉంటాడు" అన్నాడు. నేను ఉంటాలే, నాన్న వెళ్తాడన్నాను. వాడు ఒప్పుకోలేదు. "నో, అమ్మా. నువ్వు వెళ్ళు. ఐ వాంట్ నాన్న" అన్నాడు. పదేళ్ళ పిల్లవాడికి తండ్రి మీద ముద్దనుకున్నాను. అత్తగారు గదిలోనే ఉంటానన్నారు. నేనూ అమ్మాయీ పడవెక్కాం. పైన కమ్మీల వెనక తండ్రీ కొడుకూ చేతులూపుతున్నారు. పడవ సాగుతున్నకొద్దీ వాళ్ళిద్దరూ చిన్నవాళ్ళయిపోయారు.

దీవి ఎంత అందంగా ఉందో ఇక్కడ రాయను. అమ్మాయి నీళ్ళలోకి దూకింది. అది ఈదుతూ, మునుగుతూ, ఎవరో పిల్లలతో కలిసి కేకలు వేస్తూ నవ్వుతుంటే ఒడ్డున కూర్చుని చూశాను. దానికి పదమూడేళ్ళని నాకు ఆ రోజే తెలిసినట్టయింది; ఇంట్లో అది ముప్పై ఏళ్ళదానిలా మసిలేది. ఉన్నట్టుండి నీళ్ళలోంచి లేచివచ్చి, తడిబట్టలతో నా ఒళ్ళో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఏదైనా కుట్టిందేమోనని హడలిపోయాను.

"ఐ ఫర్‌గాట్ హిమ్, అమ్మా. ఇంతసేపూ వాడు గుర్తే రాలేదు నాకు."

దాన్ని దగ్గరికి తీసుకుని, "మర్చిపోవాలనే కదే తీసుకొచ్చాను, పిచ్చిదానా. పో, ఇంకాసేపు ఆడుకో" అన్నాను. అది నమ్మలేనట్టు నా మొహంలోకి చూసి, ముక్కు తుడుచుకుని మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి తండ్రీ కొడుకూ పై అంతస్తులో ఐస్‌క్రీం తింటున్నారు. వాడి చొక్కా నిండా చాక్లెట్ మరకలు. ఖాళీ ఓడంతా తమదేనని, కెప్టెన్ కూడా తమకి సెల్యూట్ కొట్టాడని కోతలు కోశాడు. మా వారు అంతగా మాట్లాడలేదు. ఎండ తగిలిందేమోననుకున్నాను.

ఆ తర్వాత మళ్ళీ ఓడెక్కలేదు. ఏటేటా వాడి ఒంట్లో ఒక్కొక్కటీ తగ్గుతూ వచ్చింది, చేతులు, మెడ, చివరికి ఊపిరి. అయినా వాడు బడి పూర్తి చేశాడు, యూనివర్సిటీకి వెళ్ళాడు, కంప్యూటర్ల చదువు మొదలెట్టాడు. నేను వాడి ముందు ఎప్పుడూ కన్నీరు పెట్టలేదు. కొత్త మందులు వస్తాయని, నీ పెళ్ళికి నేను కట్టుకునే చీర ఇదేనని ఏవేవో చెబుతుండేదాన్ని. వాడు నవ్వుతూ వినేవాడు. "వాట్ కలర్, అమ్మా?" అని అడిగేవాడు. పంతొమ్మిదేళ్ళకి, ఒక చలికాలపు పొద్దున, గుండె ఆగి వెళ్ళిపోయాడు.

అది జరిగిన కొన్ని నెలలకి, ఒక ఆదివారం కాఫీ తాగుతూ మా వారు, ఎవరో అడిగినట్టు, దీవి దగ్గర ఆ రోజు జరిగింది చెప్పారు. మా పడవ ఒడ్డు చేరేదాకా చూసి, చిన్నవాడు ఆయన వైపు తిరిగాడట.

"నాన్నా, విల్ ఐ గెట్ టు బీ యాజ్ ఓల్డ్ యాజ్ యూ?"

నీ అంతవాడిని అయ్యేదాకా బతుకుతానా అని. ఆయనకి అబద్ధం ఆడడం చేతకాదు. నీళ్ళకేసి చూస్తూ, "కష్టమంటున్నారు నాన్నా, డాక్టర్లు" అన్నారట. వాడు ఏడవలేదట. "ఓకే. డోంట్ టెల్ అమ్మ ఐ ఆస్క్‌డ్. షీ థింక్స్ ఐ డోంట్ నో" అన్నాడట. ఆ తర్వాత ఐస్‌క్రీం కావాలన్నాడట.

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"వాడు చెప్పొద్దన్నాడుగా" అన్నారాయన. కప్పు కింద పెట్టి, నేనెన్నడూ చూడని విధంగా, చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

ఇప్పుడు రోజులు మారాయి. ఈ కాలపు ఓడల్లో ఇంకా వెడల్పు తలుపులట, కొన్నిచోట్ల కుర్చీతో సహా పడవలోకి దించే ఏర్పాట్లున్నాయట. ఆ జబ్బుకి కూడా ఏవో మందులు వస్తున్నాయని, పిల్లలు ఇంకొన్నేళ్ళు ఎక్కువ బతుకుతున్నారని చెబుతారు. వింటే సంతోషమే. మా వాడి రోజుల్లో అవేవీ లేవు. నేను చీరల కబుర్లు చెప్పిన అన్నేళ్ళూ వాడికి అన్నీ తెలుసు. తెలిసే, నా కోసం, రంగు ఏమిటని అడిగాడు. వాడి కోసం నేను నవ్వాను, నా కోసం వాడు నవ్వాడు, మా ఇద్దరి కోసం ఆయన నోరు మూసుకున్నారు. నవ్వులతో నిండిన ఇల్లని మమ్మల్ని చూసి అందరూ అనేవారు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి నుంచీ ఏదీ దాచుకోనక్కరలేదు. ఏడుపు వస్తే ఆయన వంటింట్లోకి వచ్చి నా ఎదురుగానే ఏడుస్తారు, నేనూ ఆయన ఎదురుగానే ఏడుస్తాను. దాచుకోవడానికి ఒకడున్న రోజులే బాగుండేవి.